ముప్పై నాలుగు మెట్లు

2వ తేదీ, సోమవారం

ఇవాళ మేనేజరు గదిలో నోరు జారాను. జారడం ఏమిటి, కావాలనే అన్నాను.

మా డబ్బాల ఫ్యాక్టరీకి యాభయ్యేళ్ళు నిండుతున్నాయి. ఇరవై ఎనిమిదో తారీఖున వేడుక. ఎక్కడ చేయాలన్న మాట వచ్చింది. "పోయినసారి లాగే చేద్దాం, ఆఫీసువాళ్ళకి హోటల్లో, షెడ్లవాళ్ళకి క్యాంటీన్లో" అన్నాడు మేనేజరు, టీలో చక్కెర ఎంత వెయ్యాలో చెప్పినంత తేలిగ్గా. నేను ఫైలు ఇవ్వడానికి వెళ్ళినవాణ్ణి. ఇచ్చేసి వచ్చెయ్యాలి. రాలేదు.

"డబ్బాలు చేసింది షెడ్లవాళ్ళు, పండగ ఆఫీసువాళ్ళకా?" అన్నాను.

కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "నువ్వు మూతల షెడ్డాయన కొడుకువి కదూ?"

"అవునండీ."

"మీ నాన్న ముప్పయ్యేళ్ళలో ఈ గదికి రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ తలుపు దగ్గరే నిలబడ్డాడు."

"అందుకే నేను లోపలిదాకా వచ్చానండీ."

నవ్వాడు. కోప్పడితే బాగుండేది. నవ్వాక అన్నాడు: "సరే, చోటు నువ్వే వెతుకు. నాలుగు వందలమంది పట్టాలి. టెలిఫోనమ్మాయిని తోడు తీసుకో. నీ విప్లవం ఎంత దూరం నడుస్తుందో చూద్దాం."

ఇంట్లో చెబితే చెల్లి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "నాయకుడు గారికి కుర్చీలు వెతికే ఉద్యోగం వచ్చిందమ్మోయ్" అని వంటింట్లోకి కేక వేసింది. నాన్న బూట్లు విప్పుకుంటున్నాడు. చాలాసేపు విప్పుకుంటాడు. "అందరికీ కుదిరేట్టు చూడరా" అన్నాడు. అంతే. ఇంకేమీ అడగలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అడగడు. అదే నా బాధ.

3వ తేదీ

"అడగనివాడికి అన్యాయమే అలవాటవుతుంది." ఎర్ర అట్ట కరపత్రం, నాలుగో పేజీ. అడుగున గీత గీశాను. నాన్నకి చదివి వినిపిద్దామనుకున్నాను. నిద్రపోయాడు.

5వ తేదీ, గురువారం

చూశాను. ఇదే.

సభాభవనం. తెల్లటి రాయి. ముందు ఎనిమిది స్తంభాలు. లోపల ఎర్ర మెత్తటి కుర్చీలు, పైన ఇంత లావు గాజు దీపం. పెద్దవాళ్ళ సభలూ కచేరీలూ జరిగే చోటు. మా షెడ్లవాళ్ళు ఎవరైనా లోపల అడుగుపెట్టి ఉంటారా? దాని ముందునించే రోజూ కంపెనీ వ్యానులో వెళ్తారు. ముప్పయ్యేళ్ళు దాన్ని బయటినించే చూశారు.

భవనం మేనేజరు బక్కగా, చేతికి తాళాలగుత్తితో ఉన్నాడు. అన్నీ చూపించి చివర్లో, "మీవాళ్ళకి కావాలంటే వెనక సామాన్ల దారి కూడా ఉంది, చదునుగా ఉంటుంది, ఇబ్బంది ఉండదు" అన్నాడు.

నా ఒళ్ళు మండింది. "మావాళ్ళు సామాన్లు కాదు" అన్నాను.

"అయ్యో, నేనలా అనలేదు బాబూ."

"ఎలా అన్నా అదే. మావాళ్ళు ముందునించి వస్తారు. మీ సభలవాళ్ళు వచ్చే దారినే వస్తారు."

ఆయన తాళాలు జేబులో వేసుకున్నాడు. తిరిగొస్తుంటే కాళ్ళు నేలమీద ఆనలేదు.

6వ తేదీ

టెలిఫోనక్క అన్నీ విని, "మెట్లెన్ని?" అంది.

"లెక్కపెట్టలేదు."

"రెండేసి ఎక్కి ఉంటావు."

ఆమె ఎప్పుడూ ఇంతే. ఏది చెప్పినా దానికో చిల్లర ప్రశ్న వేస్తుంది. రోజంతా బోర్డు ముందు కూర్చుని ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి కలపడం తప్ప సొంత మాట లేని బతుకు, పాపం. (ఇది రాయకుండా ఉండాల్సింది. మంచిది ఆమె. నా భోజనం డబ్బా మర్చిపోయినరోజు తన దాంట్లో సగం పెట్టింది.)

ఆమె మాట: క్యాంటీను, దాని పక్క ఖాళీ స్థలం కలిపి టెంటు వేస్తే నాలుగు వందలమంది హాయిగా పడతారు. క్యాంటీను! రోజూ తినే బల్లల మీదే, రోజూ తాగే గ్లాసులతోనే, యాభయ్యేళ్ళ వేడుక!

9వ తేదీ, సోమవారం

మేనేజరు మొహం మీదే చెప్పాను: ఎక్కడ చేయాలో నేను చెప్పను, మీరూ చెప్పకండి, షెడ్లవాళ్ళు చెబుతారు. చీటీల మీద రాసి వేస్తారు. ఎక్కువమంది ఏది అంటే అది.

"ఓట్లా?" అన్నాడు.

"ఓట్లే."

ఒప్పుకున్నాడు! ఈ ఫ్యాక్టరీలో యాభయ్యేళ్ళలో మొదటిసారి ఒక విషయం చేతులు నిర్ణయిస్తాయి. ఈ వాక్యం బాగుంది. ఎక్కడైనా వాడాలి.

మూతల షెడ్డులోంచి పెద్ద డబ్బా ఒకటి తెచ్చి మూతకి చీలిక పెట్టించాను. పెట్టింది రేడియో మావయ్య. నాన్నతోపాటు కాలి ప్రెస్సు మీద పనిచేసినవాడు. మాట మొదలుపెడితే ఆపడు కాబట్టి ఆ పేరు. "అల్లుడూ, ఇన్నేళ్ళూ డబ్బాలో ఏం పోస్తారో తెలీకుండా మూతలు కొట్టాం. ఇవాళ తెలిసింది, మా మాటలు పోస్తారన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు. నేను డబ్బా చంకన పెట్టుకుని షెడ్లన్నీ తిరిగాను.

11వ తేదీ, బుధవారం

చీటీలు లెక్కపెట్టాను. సభాభవనం.

12వ తేదీ

మొత్తం రెండు వందల తొంభై రెండు చీటీలు. లెక్కకి టెలిఫోనక్క కూడా కూర్చోవాల్సింది. "బోర్డు వదిలి రాలేను తమ్ముడూ, నువ్వు లెక్కపెట్టి చెప్పు. నీకన్నా నిక్కచ్చి మనిషి ఎవరున్నారు?" అంది. నిన్న మధ్యాహ్నం స్టోరు గదిలో తలుపేసుకుని ఒక్కణ్ణే లెక్కపెట్టాను.

ఒక విషయం ఆలోచించాలి. మనిషికి ఏది కావాలో అతను చూసినదాన్నిబట్టే అడుగుతాడు. చూడనిదాన్ని ఎలా అడుగుతాడు? క్యాంటీను తప్ప చూడనివాడు క్యాంటీనే రాస్తాడు. అది అతని ఇష్టం కాదు, అలవాటు. అలవాటుని ఇష్టం అని లెక్కపెట్టడం కూడా ఒక రకం మోసమే. కరపత్రంలోనూ ఇదే ఉంది, కొంచెం వేరే మాటల్లో.

ఒకసారి ఆ కుర్చీల్లో కూర్చుంటే వాళ్ళే అంటారు, మంచిపని చేశావని.

13వ తేదీ, శుక్రవారం

నోటీసు బోర్డు మీద పెట్టాను: సభాభవనం 187, క్యాంటీను 96, హోటలు 9.

అంకెలు నిజమే. పేర్లు అటూ ఇటూ అయ్యాయి.

రాసేశాను. ఈ పుస్తకం ఎవరూ చూడరు. చెల్లికి చదవడం అంటే బద్ధకం.

నాన్న బోర్డు ముందు నిలబడి చదివాడు. మూడు వరుసలు చదవడానికి అంతసేపా. చదివి వెళ్ళిపోయాడు.

17వ తేదీ, మంగళవారం

చీటీలు బాయిలర్ దగ్గర పొయ్యిలో వేశాను. కాగితం చాలా తొందరగా కాలుతుంది.

భవనానికి ఉత్తరం రాశాను, ఆఫీసు ముద్ర వేసి: మావాళ్ళు ఎవరూ వెనకదారిన రారు, ఆ తలుపు ఆరోజు తీయరాదు. గట్టిగా రాశాను. బాగా వచ్చింది ఉత్తరం.

20వ తేదీ

కాలి ప్రెస్సు సెక్షన్ పాతవాళ్ళు పదకొండుమందికీ వేదిక మీద సన్మానం. నా ఆలోచనే. నాన్న పేరు ఆరోది. మొదటి పేరు మేస్త్రిది. నాన్నకి పని నేర్పినవాడు ఆయనే, ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉంటున్నాడు.

24వ తేదీ, మంగళవారం

సాయంత్రం నాన్న గుమ్మం దగ్గర ఆగి, "ఆ భవనానికి మెట్లు ఎక్కువ కదరా?" అన్నాడు.

"ఎక్కితే అయిపోతాయి నాన్నా. ఎవరో ఒకరు మొదటిసారి ఎక్కాలిగా" అన్నాను.

"మనవాళ్ళే కోరుకున్నారు. ఎక్కకపోతే ఎలా" అన్నాడు.

చెల్లి నా వైపు అదోలా చూసింది. "ఏంటే?" అన్నాను. "ఏం లేదు అన్నయ్యా, నువ్వు మాట్లాడుతుంటే మైకు లేకపోయినా ఉన్నట్టుంటుంది" అంది. జడ పట్టుకుని లాగాను.

28వ తేదీ, శనివారం

రాయలేను.

29వ తేదీ, ఆదివారం

పొద్దున్నే లేచాను. నిద్ర పట్టలేదు కాబట్టి లేవడం అనకూడదు. జరిగింది జరిగినట్టు రాయాలి. లేకపోతే రెండ్రోజులకి నాకు కావాల్సినట్టు మార్చేసుకుంటాను. నా సంగతి నాకు ఇప్పుడు తెలుసు.

మెట్లు ముప్పై నాలుగు. నిన్న లెక్కపెట్టాను.

నేను పైన, ద్వారం దగ్గర, ఛాతీకి ఎర్ర రిబ్బను పువ్వు పెట్టుకుని, పేర్ల జాబితా పట్టుకుని నిలబడ్డాను. ఆఫీసువాళ్ళు గబగబా ఎక్కి వచ్చారు. కుర్రాళ్ళు ఈలలు వేస్తూ వచ్చారు. వ్యానులోంచి కాలి ప్రెస్సువాళ్ళు దిగారు. పదకొండుమందీ ఇస్త్రీ బట్టలతో ఉన్నారు. దిగి, కింద వరుసగా నిలబడి, పైకి చూశారు. కదల్లేదు. ఫొటో కోసం నిలబడ్డారేమో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

కాలి ప్రెస్సు అంటే ఏమిటి? కుడికాలితో పెడలు తొక్కితే అచ్చు పడి మూత తెగుతుంది. నిమిషానికి ఇరవైసార్లు, రోజుకి ఎనిమిది గంటలు, ఒక్క కాలితోనే. కరెంటు ప్రెస్సులు వచ్చేదాకా పాతికేళ్ళు అలా తొక్కారు. ఇవన్నీ నాకు తెలుసు. దీనిమీద చెల్లి స్కూలుకి వ్యాసం రాసిపెట్టాను కూడా. శ్రమ, దోపిడీ, ఇంకా ఏవో పెద్ద మాటలు వేశాను. మోకాలు అన్న మాట ఎక్కడా లేదు.

ఫ్యాక్టరీ అంతా చదును. మా ఇంటికి రెండు మెట్లు. ఆ రెండూ నాన్న ద్వారబంధం పట్టుకుని, పక్కకి తిరిగి, ఎడమకాలు ముందు పెట్టి, కుడికాలు దానిదగ్గరికి తెచ్చుకుని ఎక్కుతాడు. రోజూ చూస్తున్నాను. అది ఆయన నెమ్మది అనుకున్నాను. భయస్థుడి నడక అనుకున్నాను. ఆ మాట ఈ పుస్తకంలోనే ఎక్కడో రాసి కూడా ఉంటుంది.

పదకొండుమందిదీ అదే నడక. ఒకేలా, పక్కకి తిరిగి, ఎడమకాలు, కుడికాలు. మధ్యలో కమ్మీ లేదు, పట్టుకోవడానికి. అంత వెడల్పు మెట్లకి ఆ చివరొకటి, ఈ చివరొకటి. ఆరుగురు ఆ వైపు, అయిదుగురు ఈ వైపు. ఇంకా పైకి వస్తున్నవాళ్ళు ఆగిపోయారు. 

రేడియో మావయ్య పదకొండో మెట్టు మీద కూర్చుండిపోయాడు. "స్టేషను వచ్చింది, కాసేపు ఆగుతుంది బండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కుర్రాళ్ళు ఇద్దరు కిందికి పరుగెత్తి, "మావయ్యా, చేతుల మీద ఎత్తుకుపోతాం" అన్నారు. "నన్నెత్తితే మిగతా పదిమందిని కూడా ఎత్తాలి. అప్పుడు సన్మానం మీకు చెయ్యాల్సొస్తుంది" అని లేచాడు. బట్టల వెనక తెల్లగా రాతి దుమ్ము అంటుకుంది.

అప్పుడు మేస్త్రి, ఆయనకి డెబ్భై దాటాయి, మూడో మెట్టు దగ్గర ఆగి, కాపలావాణ్ణి అడిగాడు, వేరే దారి ఏదైనా ఉందా బాబూ అని. నాకు పైకి వినిపించింది కాపలావాడి జవాబు. ఆ మెట్ల దగ్గర మాట బాగా పలుకుతుంది.

"ఉందండీ, వెనక ఉంది, చదునే. కానీ తీయొద్దని మీ ఆఫీసునించే కాగితం వచ్చింది. తాళం ఉన్నాయన ఇవాళ రాలేదు."

నేను కిందికి పరుగెత్తొచ్చు. తాళం పగలగొట్టించొచ్చు. కనీసం, ఆ కాగితం నేనే రాశాను అని అరవొచ్చు. జాబితా పట్టుకుని నిలబడ్డాను. పైగా, ఎవరైనా నన్ను చూస్తున్నారేమోనని, జాబితాలో ఏదో వెతుకుతున్నట్టు వేలు పెట్టి కిందికి పైకి జరిపాను.

మేస్త్రి మూడు మెట్లూ దిగి, "మీరెళ్ళండిరా. నాకు కడుపులో బాగాలేదు" అన్నాడు. నాన్న ఆగి వెనక్కి తిరిగాడు. "నేనూ వస్తాను." "నువ్వెళ్ళు. నీ కొడుకు పెట్టిన వేడుక" అన్నాడు మేస్త్రి. నడుచుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. చదునుమీద ఆయన నడక మామూలుగానే ఉంది. అది కూడా చూశాను.

నాన్న పైకి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. నన్ను దాటుతూ జాబితాలో పేరు దగ్గర టిక్కు పెట్టమన్నట్టు వేలు చూపించాడు. పెట్టాను.

మేనేజరు మైకులో, "ఈ భవనాన్ని నేను ఎంచలేదు, మీరే ఎంచుకున్నారు. ఓటేసి ఎంచుకున్నారు. ఆ ఆలోచన మన ఆఫీసు కుర్రాడిది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. ఇది రాయాలి: ఒక్క క్షణం, ఒక్కటే, బాగుందనిపించింది.

మేస్త్రి పేరు మొదట పిలిచారు. మళ్ళీ పిలిచారు. "రాలేదా? సరే, తర్వాత పంపిద్దాం" అన్నాడు మేనేజరు, రెండో పేరు చదివాడు.

దిగడం ఎక్కడంకన్నా ఘోరం. వెనక్కి తిరిగి దిగారు, నిచ్చెన దిగినట్టు, మొహాలు మా వైపు పెట్టి. ఒక్కో మెట్టుకీ వాళ్ళ మొహాలు కిందికి పోయాయి.

ఇంటికి వచ్చాక నాన్న గుమ్మం పక్కన అరుగు మీదే కూర్చున్నాడు. అమ్మ వేడినీళ్ళు తెచ్చింది. "భోజనం బాగుందా?" అని అడిగింది. "బాగుంది, కుర్చీలు మెత్తగా ఉన్నాయి" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమో అని మొహంలోకి చూశాను. లేదు.

30వ తేదీ, సోమవారం

కాలి ప్రెస్సువాళ్ళు క్యాంటీన్లో వేరే బల్ల మీద కూర్చున్నారు. ఎప్పుడూ కుర్రాళ్ళతో కలిసి తింటారు. కుర్రాళ్ళ డబ్బాల్లోవి లాక్కుని మరీ తింటారు. ఇవాళ గోడవైపు జరిగి, తలలు వంచుకుని తిన్నారు. రేడియో మావయ్య మాట్లాడలేదు.

నేను నీళ్ళు పట్టుకుంటుంటే ఒకాయన అంటున్నాడు: "వాళ్ళ వయసు వాళ్ళది. ఝామ్మని ఉండే చోటు కావాలనుకున్నారు. నూట ఎనభై ఏడుమందికి మన కాళ్ళు ఎందుకు గుర్తుంటాయి?"

ఇంకొకాయన: "పని నేర్పాం కదా అనుకున్నాం."

అటు కుర్రాళ్ళ బల్ల దగ్గర దాదాపు కొట్టుకున్నారు. "నేను క్యాంటీనే రాశాను. ఒట్టు. నువ్వే భవనం రాసుంటావు, ఫొటోలకి." "నోర్ముయ్, నేనూ క్యాంటీనే." "అందరూ క్యాంటీనే రాస్తే భవనం ఎక్కణ్ణించి ఊడిపడిందిరా?"

గ్లాసు నిండి చెయ్యి తడిసేదాకా నిలబడ్డాను.

టెలిఫోనక్క వసారాలో ఎదురైంది. ఒక్కమాటే అడిగింది. "లెక్క సరిగ్గానే పెట్టావా తమ్ముడూ?"

"పెట్టాను" అన్నాను.

నిజమే చెప్పాను. లెక్క సరిగ్గానే పెట్టాను. ఛీ.

31వ తేదీ

పన్నెండో తారీఖున రాయనిది ఇప్పుడు రాస్తున్నాను.

చీటీల మీద చోటు పేరు ఒక్కటే రాయమన్నాం. చాలామంది ఇంకా రాశారు. నేను చదివాను. ప్రతి ఒక్కటీ చదివాను. అలవాటుకొద్దీ క్యాంటీను రాశారని ఈ పుస్తకానికే అబద్ధం చెప్పాను.

"క్యాంటీను. మేస్త్రి మెట్లెక్కలేడు."

"క్యాంటీను. పెడలు మావయ్యల మోకాళ్ళు చూసుకోండి."

"క్యాంటీను. మా పెద్దవాళ్ళు రాగలిగే చోటు ఏదైనా సరే."

ఇంకొకటి, పెన్సిలుతో, గట్టిగా అదిమి: "క్యాంటీను. ఈసారి ఆఫీసువాళ్ళని మన దగ్గరికి రమ్మనండి."

ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. నేను చదివిన కరపత్రాలన్నిటికన్నా పెద్దమాట, ఎవడో కరపత్రాలు చదవనివాడు, అరచెయ్యంత చీటీ మీద రాశాడు. నాకు తట్టనిది అతనికి తట్టింది. దాన్ని కూడా పొయ్యిలో వేశాను. దాన్నే ముందు వేశాను.

సాయంత్రం నాన్నకి చెప్పాను. అరుగు మీద పక్కన కూర్చుని, అంకెలు, చీటీలు, తాళం కాగితం, అన్నీ చెప్పాను. ఆయన వీధి వైపు చూస్తూ విన్నాడు. 

"ఇదే పని మేనేజరు చేసుంటే నువ్వు ఏం రాసేవాడివిరా, నువ్వు చదివే ఆ కరపత్రాల్లో వాళ్ళు రాసినట్టు?" అన్నాడు.

"దొంగ అని రాసేవాణ్ణి."

"ఊఁ."

"కొట్టు నాన్నా."

"కొడితే నీకు హాయిగా ఉంటుంది. నాకేంటి?"

తర్వాత అన్నాడు: "నాకు చెప్పి ఏం లాభం? అందులో నా చీటీ ఒక్కటే నాది. మిగతావి ఎవరివో వాళ్ళకి చెప్పు."

"ఉద్యోగం పోతుందేమో."

నా నోటినించే వచ్చింది ఆ మాట. ఇన్నాళ్ళూ ఆ మాట అన్నవాళ్ళందరినీ పిరికివాళ్ళని తిట్టినవాణ్ణి, అనేశాను. నాన్న నా వైపు తిరిగాడు. ఎగతాళిగా చూస్తాడనుకున్నాను. లేదు. ఆ మాట ఆయనకి బాగా తెలిసిన మాట.

"పోవచ్చు" అన్నాడు.

1వ తేదీ, బుధవారం

ఇవాళ పొద్దున్న మేనేజరు గదికి ముందు వెళ్ళాను. విన్నాడు. ఈసారి నవ్వలేదు. "రేపు మాట్లాడదాం" అన్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడి చెప్పానని బయటికి వచ్చాక గమనించాను.

తర్వాత మధ్యాహ్నం క్యాంటీను.

నిన్న నాన్న నిద్రపోయాక మాటలు సిద్ధం చేసుకున్నాను. "నేను మీ నమ్మకానికి ద్రోహం చేశాను" అని మొదలవుతుంది. ఏ శిక్షకైనా సిద్ధం అని ముగుస్తుంది. అద్దం ముందు రెండుసార్లు అన్నాను. అద్దం ముందు! అది కూడా రాసుకోవాలి.

బల్లలన్నీ నిండాక నిలబడ్డాను. "ద్రోహం" అన్న మాట దగ్గరే మిగతాది మర్చిపోయాను. "చీటీల్లో క్యాంటీనే గెలిచింది. నూట ఎనభై ఏడు. నేను తారుమారు చేశాను. భవనం తలుపుకి తాళం వేయించింది కూడా నేనే" అన్నాను. అంతే వచ్చింది.

మేస్త్రి కూడా ఉన్నాడు, ఇవాళ ఆయన్ని నాన్న పిలుచుకొచ్చాడు. కుర్రాళ్ళ బల్ల నించి ఎవడో లేచి కుర్చీ వెనక్కి తన్నాడు. వస్తున్నాడు, కొడతాడు, కొట్టనీ అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

"ఆగరా" అంది ఒక గొంతు. మేస్త్రిది. "అబ్బాయ్, ఏమన్నావు? క్యాంటీను రాసింది ఎంతమంది?"

"నూట ఎనభై ఏడండీ."

"ఎందుకట?"

చెప్పాను. గుర్తున్నవి చెప్పాను. మెట్లెక్కలేడు అని ఒకరు, మోకాళ్ళు అని ఒకరు, రాగలిగే చోటు అని ఒకరు.

"నా పేరు రాశారా?"

"మేస్త్రి అని రాశారండీ."

"ఒకరేనా?"

"ముప్పై నలభైమంది ఉంటారండీ, మెట్లని, మోకాళ్ళని రాసినవాళ్ళు. లెక్కపెట్టలేదు. చీటీలు కాల్చేశాను."

ఆయన చెయ్యి కడుక్కోకుండానే, మెతుకులు అంటుకున్న చేత్తోనే, పక్కనున్న నాన్న భుజం పట్టుకున్నాడు. "విన్నావురా?" అన్నాడు. "విన్నాను" అన్నాడు నాన్న. ఆయన మొహం అలా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. వేదిక మీద సన్మానం అప్పుడు కూడా అలా లేదు.

రేడియో మావయ్య లేచాడు. బల్ల పట్టుకుని, ఎడమకాలు, కుడికాలు, తన డబ్బా తీసుకుని కుర్రాళ్ళ బల్ల వైపు నడిచాడు. "మోకాళ్ళని రాసిన వెధవ ఎవడ్రా? జరగండి. మీలో ఎవరి అమ్మ ఇవాళ బాగా వండిందో చూద్దాం. మూడు రోజులనించి ఇంటికూడే తిని చస్తున్నాను" అన్నాడు. నవ్వులు మొదలయ్యాయి. ఒకడు "నేనే రాశాను" అన్నాడు, ఇంకొకడు "నువ్వు కాదు, నేను" అన్నాడు, ఇద్దరూ మళ్ళీ కొట్టుకోబోయారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే డబ్బాలు పట్టుకుని వెళ్ళి చేరారు. బల్లలు ఈడ్చి కలిపారు. మేస్త్రికి కుర్చీ మధ్యలో వేశారు.

నేను నిలబడిన చోటే ఉన్నాను. ఎవరైనా వచ్చి ఏదైనా అంటారని చూశాను. మధ్యాహ్నం గంట కొట్టేదాకా నిలబడ్డాను. నన్ను తిట్టడానికి ఒక్కరికీ తీరిక లేదు.